బొమ్మను బీరువాలోంచి బయటికి తీయండి

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు. నవంబరు 15 నుంచి 21 దాకా నవజాత శిశు వారోత్సవాలు. ఏటా ఈ రెండుసార్లూ జిల్లా పేజీల్లో ఇంచుమించు ఒకే ఫొటో పడుతుంది. ఆస్పత్రి మెట్ల మీద బ్యానరు పట్టుకున్న సిస్టర్లు, మధ్యలో అధికారులు, కింద ‘తల్లులకు అవగాహన’ అని ఒక లైను. అవగాహన మంచిదే, కాదనం. కానీ పసికందు ప్రాణం నిలబెట్టే పనులన్నీ చేతులతో చేసేవి. మాస్కు ముఖానికి గాలి పోకుండా అతికించడం, బిడ్డ నోటికి రొమ్ము సరిగ్గా పట్టించడం, పాలు పిండి ఉగ్గుగిన్నెతో తాగించడం, నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టడం. గట్టు మీద కూర్చుని వింటే ఈత రానట్టే ఇవీ వింటే రావు. నర్సులకైనా తల్లులకైనా ఇప్పుడు ఇస్తున్న శిక్షణలో ఎక్కువ భాగం చెవులకే అందుతోంది, చేతుల దాకా రావడం లేదు. ఈ ఉత్తరం దాని గురించే, శిక్షణ కోసం వచ్చి బీరువాల్లోనే ఉండిపోయిన రబ్బరు బొమ్మల గురించే.

ముందు కాన్పు గది. పుట్టిన బిడ్డ ఏడవకపోతే మన దగ్గర ‘ఉమ్మనీరు తాగేసింది’ అంటారు. కారణం ఏదైనా ఆ ఒక్క మాటలో సర్దేస్తారు. నిజానికి ఏడవని పిల్లల్లో చాలామందికి కావలసింది గాలి. ఊపిరితిత్తులు విచ్చుకుంటే గుండె తనంతట తనే పుంజుకుంటుంది. నూరు కాన్పుల్లో ముగ్గురు నుంచి ఆరుగురు పిల్లలకు అంబూ బ్యాగుతో (మాస్కు తగిలించి చేత్తో నొక్కి గాలి పంపే సంచితో) ఊపిరి ఇవ్వాల్సి వస్తుంది. నెలకు పది కాన్పులు జరిగే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ అవసరం రెండు మూడు నెలలకోసారి పడుతుంది. డ్యూటీలు పంచుకునే సిస్టర్లలో ఒక్కొక్కరి వంతుకు ఏడాదికి ఒకసారి రావచ్చు, రాకపోవచ్చు. వచ్చిన రోజున మాత్రం చేతిలో ఉండేది ఒకటే నిమిషం. 2009లో కేంద్రం మొదలుపెట్టిన నవజాత శిశు సురక్షా కార్యక్రమం రెండు రోజుల శిక్షణ ఇచ్చింది. ఎన్నడో నేర్చుకున్న ఆ విద్యను ఏడాదికోసారి, అదీ అర్ధరాత్రి, ఒక్కరే ఉన్న డ్యూటీలో బయటికి తీయాలి. అది చేతికి గుర్తుండదు. ఇది సిస్టర్ల తప్పు కాదు, వాడని చేతి పని ఏదైనా కొన్ని నెలల్లోనే మొద్దుబారుతుంది.

ఆ నిమిషంలో ఏం జరగాలో, ఎక్కడ చెడుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. కాన్పుకు కనీసం 20 నిమిషాల ముందే వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే యంత్రం) ఆన్ చేసి ఉండాలి. ఫ్యాన్ ఆపాలి, గది 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. రెండు పొడి గుడ్డలు వార్మర్ కింద వెచ్చబడుతూ ఉండాలి. బ్యాగును పరీక్షించడానికి పది సెకన్లు చాలు. మాస్కును అరచేతికి గట్టిగా ఆనించి బ్యాగు నొక్కితే చేతికి ఒత్తిడి తెలియాలి, ఒత్తిడి ఎక్కువైనప్పుడు పైన ఉన్న చిన్న వాల్వులోంచి గాలి బుస్సుమని బయటికి రావాలి, వదలగానే బ్యాగు మళ్లీ ఉబ్బాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ బ్యాగు పనికిరాదు. సాధారణంగా పాడయ్యేది కడిగిన తర్వాతే. విప్పి ఉడకబెట్టి మళ్లీ బిగించేటప్పుడు లోపలి రబ్బరు రేకు తిరగబడుతుంది, లేదా సింకులోనే ఉండిపోతుంది. మాస్కు అంచు ఎండి బిరుసెక్కితే ఎంత నొక్కినా పక్కల నుంచి గాలి పోతుంది. సున్నా సైజు మాస్కు నెలలు నిండని పిల్లలకు, ఒకటో సైజు నిండిన పిల్లలకు. రెండూ బయటే, చేతికి అందేలా ఉండాలి. తాళం వేసిన బీరువాలో ఉండి, తాళంచెవి హెడ్ సిస్టర్ దగ్గర ఉండి, ఆవిడ ఆ రోజు సెలవులో ఉంటే సామాను ఉన్నా లేనట్టే.

బిడ్డ ఏడ్చిందా, తల్లి పొట్ట మీద పెట్టి తుడవాలి, బొడ్డుతాడు ఒకటి నుంచి మూడు నిమిషాల తర్వాత కత్తిరించాలి. ఏడవలేదా, తుడుస్తూనే వీపు మీద రెండు మూడుసార్లు పైకీ కిందికీ రుద్దాలి, అరికాలు మీద వేలితో చిన్నగా తట్టాలి. అప్పటికీ ఊపిరి లేకపోతే తాడు కత్తిరించి వార్మర్ మీదికి. భుజాల కింద అంగుళం మందాన మడిచిన గుడ్డ పెట్టి, ముక్కు కొన నేరుగా పైకప్పును చూసేలా తల ఉంచాలి. మెడ ముందుకు వంగినా గొంతు మూసుకుంటుంది, మరీ వెనక్కి వాలినా మూసుకుంటుంది. నోట్లో, ముక్కులో అడ్డం కనిపిస్తేనే సక్షన్, అంటే గొట్టంతో పీల్చి తీయడం. అదీ ముందు నోరు, తర్వాత ముక్కు. ముక్కులో గొట్టం పెట్టగానే బిడ్డ ఒక్కసారి ఉలిక్కిపడి ఊపిరి పీలుస్తుంది. అప్పుడు నోట్లో ఉన్నదంతా లోపలికి పోతుంది కాబట్టి ఈ వరస. నోట్లో 5 సెంటీమీటర్లు, ముక్కులో 3 సెంటీమీటర్లు దాటకూడదు. గొట్టం గొంతు వెనక గోడకు తగిలితే గుండె వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఉమ్మనీటిలో మలం కలిసింది కదా అని ఏడుస్తున్న బిడ్డకు కూడా గొట్టాలు దించే అలవాటు ఇంకా పోలేదు. అది పాత పద్ధతి, మానేసి చాలాకాలమైంది.

ఇదంతా అరనిమిషం పని. ఇంకా ఊపిరి లేకపోతే బ్యాగు. మాస్కును గడ్డం కొన మీద మొదట ఆనించి ముక్కు మీదికి వాల్చాలి, కళ్ల మీదికి రాకూడదు. బొటనవేలు, చూపుడువేలు మాస్కు మీద గుండ్రంగా. మిగిలిన మూడు వేళ్లు దవడ ఎముక కింద చేరి దాన్ని పైకి ఎత్తి పట్టాలి. దవడ కింద మెత్తటి భాగాన్ని నొక్కితే నాలుక వెనక్కి పోయి గాలి దారి మనమే మూసినట్టవుతుంది. ‘ఒకటి’ అన్నప్పుడు నొక్కి, ‘రెండు, మూడు’ అన్నప్పుడు వదలాలి. అలా లెక్కపెడితే నిమిషానికి 40 నుంచి 60 సార్లు వస్తుంది. చూడాల్సింది బ్యాగును కాదు, బిడ్డ ఛాతీని. నిద్రపోయే బిడ్డకు లేచినంతగా ఛాతీ లేస్తే చాలు. లేవకపోతే మాస్కు మళ్లీ పెట్టు, తల సరిచెయ్యి, నోరు చూసి శుభ్రం చెయ్యి, నోరు కొంచెం తెరిచి పెట్టు, అప్పటికీ లేవకపోతేనే కాస్త గట్టిగా నొక్కు. భయంతో మొదటే గట్టిగా పిసికితే ఊపిరితిత్తి చిట్లవచ్చు. అరనిమిషం ఇచ్చాక బొడ్డుతాడు మొదట్లో రెండు వేళ్లు పెట్టి 6 సెకన్లు నాడి లెక్కపెట్టి పదితో హెచ్చవేయాలి. నూరు దాటితే బిడ్డ దారిలో పడుతున్నట్టే.

ఈ సమయమంతా తినేసే తప్పులు కొన్ని ఎప్పుడూ కనిపిస్తాయి. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, వీపు మీద చరచడం, ముఖాన చన్నీళ్లు చల్లడం. వీటికంటే పెద్దది ఆక్సిజన్ సిలిండరు కోసం పరుగు. నెలలు నిండిన బిడ్డకు మొదట మామూలు గదిగాలే చాలు. ఊపిరే తీయని బిడ్డ ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పెడితే అది లోపలికి ఎలా వెళ్తుంది? ఆ సిలిండరు తోసుకొచ్చేలోగా పోయే రెండు నిమిషాలే బిడ్డ మెదడుకు కావలసిన నిమిషాలు.

శిక్షణలో వాడే రబ్బరు బొమ్మలు జిల్లాలకు వచ్చాయి. స్టాకు రిజిస్టరులో ఎక్కాయి, అట్టపెట్టెల్లోనే బీరువాల్లోకి వెళ్లాయి. పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయం. ఆడిట్‌లో బొమ్మ లెక్క అడుగుతారు, పోయిన బిడ్డ ముఖానికి మాస్కు ఎందుకు అతకలేదని మాత్రం ఎవరూ అడగరు. ఆ బొమ్మ ఉండాల్సిన చోటు కాన్పు గదిలోని వార్మర్ పక్కన బల్ల. డ్యూటీ మారేటప్పుడు వచ్చే సిస్టరు, వెళ్లే సిస్టరు చెరో రెండు నిమిషాలు బ్యాగు పట్టి ఛాతీ లేపి చూడాలి. ఒకరు చేస్తుంటే ఇంకొకరు గడియారం చూడాలి. ఏడాదికి ఒక రోజు సదస్సు కంటే రోజుకు ఈ నాలుగు నిమిషాలు ఎక్కువ పని చేస్తాయి.

ఇంకో సంగతి. జిల్లా ఆస్పత్రుల్లోని నవజాత శిశు ప్రత్యేక విభాగాలకు నాలుగు రోజుల తరగతులు, రెండు వారాల ప్రత్యక్ష పనితో సిస్టర్లకు మంచి శిక్షణే ఇస్తారు. చేయి కుదురుకునే లోపు రొటేషన్ పేరుతో వాళ్లను క్యాజువాలిటీకో ఆర్థో వార్డుకో వేస్తారు. వాళ్ల చోట కొత్తవాళ్లు వస్తారు. ఒక డ్యూటీలో ముగ్గురు నలుగురు పిల్లలకు ఒక నర్సు ఉండాలన్న లెక్కను అన్నిచోట్లా పాటించకపోయినా, కనీసం నేర్చుకున్న మనిషిని మూడేళ్లు అక్కడే ఉంచడానికి పైసా ఖర్చు లేదు.

ఇక వెచ్చదనం. మన ఎండల దేశంలో బిడ్డ చల్లబడుతుందంటే నవ్వుతారు. చల్లబడేది ఎక్కువగా ఏసీ ఆపరేషన్ థియేటర్లలోనే. తెలంగాణలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి, నూటికి 60 సిజేరియన్లే. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి నలభై మంది కూడా లేరు. ఆస్పత్రికి రావడం వేరు, వచ్చాక జరగాల్సింది జరగడం వేరు అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. తడి బిడ్డను చల్లగాలిలో తూకం వేసి, ట్యాగు కట్టి, తడిసిన గుడ్డలోనే చుట్టి బయట ఉన్న బంధువుల చేతికి ఇస్తారు. తల్లికి కుట్లు వేసి వార్డుకు తెచ్చేసరికి రెండు మూడు గంటలు. ఆలోగా నాయనమ్మ చేతిలో తేనె చుక్కో పంచదార నీళ్లో సిద్ధం.

చలికి బిడ్డ వణకదు. మెడ వెనక, భుజాల మధ్య ఉన్న ప్రత్యేకమైన కొవ్వును కరిగించి వేడి పుట్టించుకుంటుంది. దానికి చక్కెర, ఆక్సిజన్ ఖర్చవుతాయి. చక్కెర తగ్గితే మత్తుగా పడుకుంటుంది, పాలు తాగదు. తాగకపోతే చక్కెర ఇంకా తగ్గి మరింత చల్లబడుతుంది. ‘బుద్ధిగా పడుకుంది, ఏడుపే లేదు’ అని మురిసిపోయే బిడ్డల్లో కొందరు నిజానికి ఈ వలయంలో ఉంటారు. దీన్ని కనిపెట్టడానికి థర్మామీటరు కూడా అక్కర్లేదు. చేతి వెనక భాగంతో ముందు పొట్ట, తర్వాత పాదాలు తాకి చూడాలి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డ చలితో పోరాడుతోంది, వెంటనే తల్లి ఒంటికి ఆనించి పెట్టాలి. రెండూ చల్లగా ఉంటే అది అత్యవసరం. ఈ ఒక్క పరీక్ష ప్రతి తల్లికీ, ప్రతి అమ్మమ్మకూ చేసి చూపించి, వాళ్ల చేత చేయించడానికి పట్టేది అరనిమిషం.

థియేటరులోనే, మత్తు నడుము కిందికే ఇచ్చిన తల్లికి, బిడ్డను తుడిచి ఛాతీ మీద అడ్డంగా పడుకోబెట్టి పైన వెచ్చటి గుడ్డ కప్పవచ్చు. కుట్లు వేసే డాక్టరుకు ఏ అడ్డమూ ఉండదు. పక్కన ఒక సిస్టరు నిలబడి బిడ్డ ముక్కు, రంగు గమనిస్తుండాలి, అంతే. తొడకు వేసే విటమిన్ కె ఇంజెక్షను (కిలోకు పైబడిన బిడ్డకు 1 మిల్లీగ్రాము), తూకం, అన్నీ మొదటి గంట తర్వాత చేసుకోవచ్చు. స్నానం కనీసం 24 గంటలు ఆగాలి. రెండు కిలోల లోపు బిడ్డకైతే ఇంకా చాలా రోజులు తడిగుడ్డతో తుడవడమే.

పాల సంగతిలో మన వార్డుల్లో రోజూ జరిగే సంభాషణ ఇది. రౌండ్స్‌లో సిస్టరు అడుగుతుంది: ‘ఏమ్మా, పాలు పడుతున్నాయా?’ తల్లి తలూపుతుంది, లేదా ‘పడట్లేదండీ’ అంటుంది. మొదటి జవాబుకు కేసు షీటులో టిక్కు. రెండో జవాబుకు డబ్బాపాల చీటీ. రెండు జవాబులూ నమ్మదగ్గవి కావు. అడగాల్సింది: ‘ఒక్కసారి నా ముందు పట్టు తల్లీ, చూస్తాను.’ అప్పుడు కనిపించేవి వేరు. బిడ్డ తల ఒక్కటే రొమ్ము వైపు తిరిగి ఉంటుంది, ఒళ్లు పైకప్పు వైపు ఉంటుంది. మనం భుజం మీదుగా వెనక్కి చూస్తూ నీళ్లు తాగినట్టు. చెవి, భుజం, తుంటి ఒకే వరసలో ఉండాలి, బిడ్డ పొట్ట తల్లి పొట్టకు తగలాలి. నోరు బాగా తెరిచినప్పుడే, బిడ్డనే రొమ్ము వైపు తేవాలి. రొమ్మును బిడ్డ నోట్లోకి వంచకూడదు. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి, చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం పైన ఎక్కువగా, కింద తక్కువగా కనిపించాలి. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే తల్లికి పుండు పడుతుంది, బిడ్డకు పాలు రావు. అప్పుడు ‘పాలు లేవు’ అన్న తీర్పు వస్తుంది. పాలు ఉన్నాయి, నోరు అందుకోలేదు.

మొదటి రోజు బిడ్డ పొట్ట రేగిపండంత. ఒక చెంచా, చెంచాన్నర ముర్రుపాలు దానికి నిండు భోజనం. మూడో రోజు దాకా రొమ్ము బరువెక్కకపోవడం లోపం కాదు. చాలుతున్నాయా లేదా అన్నది ఏడుపును బట్టి కాదు, మూత్రాన్ని బట్టి చూడాలి. వారం తిరిగేసరికి రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువసార్లు తడుపుతుంటే, పుట్టినప్పటి బరువు రెండు వారాల్లో తిరిగి వస్తే పాలు చాలినట్టే. ఉచిత నమూనాల మీద, ఆస్పత్రుల్లో డబ్బాపాల ప్రచారం మీద 1992 నుంచీ చట్టం ఉంది, 2003లో దాన్ని మరింత గట్టి చేశారు. దాన్ని గోడ మీద అంటిస్తే సరిపోదు. ‘నా ముందు పట్టు’ అనే సిస్టరు లేని వార్డులోకి డబ్బా ఏదో దారిన రానే వస్తుంది.

చప్పరించలేని చిన్న బిడ్డకు పాలు పిండి ఇవ్వడం ప్రతి తల్లికీ రావాలి. బొటనవేలు పైన, రెండు వేళ్లు కింద, చనుమొనకు సుమారు నాలుగు సెంటీమీటర్ల వెనక. ముందు ఛాతీ గోడ వైపు నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరికి తేవాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు, చనుమొనను లాగకూడదు. జారితే నొప్పి, లాగితే పాలు రావు. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు, మళ్లీ మార్చి, మొత్తం ఇరవై ముప్పై నిమిషాలు. పిండిన పాలు మన ఎండలకు బయట నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో ఒక రోజు. కాచకూడదు, గిన్నెను వేడినీళ్లలో నిలిపితే చాలు. తాగించడానికి మన అమ్మమ్మల ఉగ్గుగిన్నెకు మించింది లేదు. సీసా మూతి, పీక శుభ్రం చేయడం చాలా కష్టం, ఉగ్గుగిన్నెను తేలిగ్గా తోమి ఇరవై నిమిషాలు మరిగించవచ్చు. కానీ పాత పద్ధతిలో బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, గొంతులో పోయడం ప్రమాదం. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెలకువగా ఉన్న బిడ్డను సగం కూర్చున్నట్టు పట్టి, గిన్నె కొసను పెదవి మూల ఆనించి, కొద్దిగా వంచి, గుటక పడ్డాకే మళ్లీ వంచాలి. తొందర ఉన్నవాళ్లు ఈ పని చేయకూడదు.

రెండున్నర కిలోల లోపు పిల్లలకు కంగారూ సంరక్షణ (బిడ్డను చర్మానికి చర్మం తగిలేలా తల్లి ఛాతీకి ఆనించి ఉంచడం) గురించి అందరూ చెబుతారు. 1970ల చివర్లో కొలంబియాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, 1.8 కిలోల లోపు పిల్లలకు పుట్టిన వెంటనే, స్థిమితపడేదాకా ఆగకుండా, దీన్ని మొదలుపెడితే నెల లోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమంది. మన దగ్గర చాలాచోట్ల అది ‘పదకొండు నుంచి పన్నెండు దాకా కుర్చీలో కూర్చోబెట్టడం’గా మారింది. ముందు తెరుచుకునే జాకెట్టో నైటీయో లేకపోతే తల్లి సిగ్గుతో కొంగు కప్పుకుని పై పైన పట్టుకుంటుంది. మధ్యలో చీర మడతలు ఉంటే అది చర్మానికి చర్మం కాదు. డయపరు, టోపీ, సాక్సు తప్ప బిడ్డకు ఏమీ ఉండకూడదు. రొమ్ముల మధ్య నిలువుగా, కప్పలా కాళ్లు విచ్చుకుని, తల ఒక పక్కకు తిరిగి, చెవి కింది దాకా గుడ్డ బిగించి కట్టాలి. ముక్కు, నోరు ఎప్పుడూ కనిపిస్తుండాలి. తల్లికి వేళకు అన్నం, వెనక్కి వాలే మంచం లేకపోతే గంట కూడా సాగదు. తండ్రి చొక్కా విప్పి చేస్తే వార్డులో నవ్వులాటగా చూస్తారు. ఆ నవ్వు ఆపే బాధ్యత సిస్టర్లదే. పై ఆస్పత్రికి పంపేటప్పుడు కూడా ఇదే పద్ధతిలో పంపాలి. 108లో ఏసీ వేసి, టవల్లో చుట్టి పంపిన బిడ్డ వంద కిలోమీటర్లు దాటేసరికి అసలు జబ్బుకు చలి తోడవుతుంది.

ఇంటికి పంపే వేళ ఇచ్చే సలహాలు మరీ అన్యాయం. ఆటో గేటు దగ్గర ఉంటుంది, బిల్లు కౌంటరు దగ్గర భర్త, చేతిలో కాగితం. ప్రమాద సంకేతాలు ఆ కాగితం వెనక అచ్చేసి ఉంటాయి. అవి మొదటి రోజు నుంచే, రోజుకొకటి చొప్పున నేర్పాలి. ఊపిరి లెక్కపెట్టడం ఉదాహరణకు తీసుకోండి. బిడ్డ పడుకున్నప్పుడు, పాలు తాగనప్పుడు, చొక్కా పైకి తీసి పొట్ట లేచిన ప్రతిసారీ లెక్క. పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే పసిబిడ్డ కొన్నిసార్లు గబగబా పీల్చి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. 60, అంతకు మించితే మళ్లీ ఒకసారి లెక్క. రెండోసారీ అంతే ఉంటే, లేదా డొక్కలు లోపలికి పోతుంటే ఆస్పత్రికే. చేతులు అదిరితే ఆ చేతిని మెల్లగా పట్టుకుని చూడాలి. ఆగిపోతే అదురు, ఆగకుండా కళ్లు ఒక పక్కకు తిరిగి, పెదవులు నమలడం, సైకిలు తొక్కినట్టు కాళ్లు ఆడించడం ఉంటే ఫిట్స్. ‘సంధి’ అనీ ‘గాలి’ అనీ తాయెత్తు కోసం వెళ్లకూడని రోజు అది. కామెర్లకు పగటి వెలుతురులో బొటనవేలితో చర్మం నొక్కి వదిలి చూడాలి. పుట్టిన 24 గంటల్లోపు పసుపు కనిపించినా, ఎప్పుడైనా అరచేతులు, అరికాళ్లు పసుపెక్కినా ఎండలో పెట్టడం చాలదు, వాతలు అసలే పెట్టకూడదు, ఆస్పత్రికి తెచ్చి కామెర్ల లైటు కింద పెట్టాల్సిందే. చంకలో థర్మామీటరు 37.5 డిగ్రీల సెల్సియస్ చేరినా, 35.5 లోపు ఉన్నా, నిన్నటిదాకా తాగిన బిడ్డ ఇవాళ తాగకపోయినా రేపటిదాకా ఆగకూడదు.

ఇంటి పద్ధతుల్లో అన్నీ చెడ్డవి కావు. పదకొండు రోజుల పురుడు నిజానికి తల్లికీ బిడ్డకూ విశ్రాంతి, వచ్చిపోయేవాళ్ల తాకిడి నుంచి కాపుదల. ఒళ్లు రుద్దడమూ మంచిదే, చేయి మెత్తగా ఉంటే. కానీ బొడ్డు మీద పసుపు, బూడిద, పౌడరు వద్దు. ఏమీ రాయకుండా పొడిగా వదిలితే వారం పది రోజుల్లో అదే రాలుతుంది. చెవిలో, ముక్కులో నూనె వద్దు. వస అరగదీసి నాకించొద్దు. బిడ్డ రొమ్ములు ఉబ్బితే పిండొద్దు, అది తల్లి హార్మోన్ల వల్ల వచ్చి తనే పోతుంది, పిండితే చీము పడుతుంది. తలుపులు మూసి సాంబ్రాణి పొగ వద్దు. ఇవి బాలింతకు చెప్పి లాభం లేదు, ఇంట్లో ఆమె మాట చెల్లదు. నీళ్లు పోసేది, పత్యం పెట్టేది అత్తగారో తల్లో. పాఠం వాళ్ల ముందే చెప్పాలి, వాళ్ల చేతే చేయించాలి. ‘పెద్దమ్మా, మీ చేత్తో ఒకసారి పొట్ట, పాదాలు తాకి చెప్పండి’ అంటే ఆవిడకూ గౌరవం, బిడ్డకూ రక్ష.

ఇలా నేర్పితే ఏమవుతుందో కొత్తగా రుజువు చేయాల్సింది లేదు. మన పక్కనే, గోదావరి అవతల మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు పల్లె మహిళలకే ఇలా చేతి పనులు నేర్పారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్టు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 2011లో దేశమంతా ఆశాలతో మొదలైన ఇంటింటి సందర్శనలకు అదే మూలం. ఆస్పత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఇంటికి వచ్చి తూకం, ఉష్ణోగ్రత, ఊపిరి చూడాలి. కొన్నిచోట్ల ఆరు సందర్శనలూ ఒకే మధ్యాహ్నం ఫారంలో పూర్తవుతున్నాయి. ఆశాను నిందించే ముందు ఆమె సంచిలోని త్రాసు పనిచేస్తోందో లేదో, థర్మామీటరులో బ్యాటరీ ఉందో లేదో చూడండి.

ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు, రోహిణి కార్తెలో కూడా నీళ్లు వద్దు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. ఆ తర్వాతి చిక్కు వేరు. అన్నప్రాసన ఘనంగా చేసి, మర్నాటి నుంచి మళ్లీ పాలూ, బిస్కెట్టూ. రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, రోజుకు రెండు మూడుసార్లు, తొమ్మిదో నెలకు అరకప్పు చొప్పున మూడు నాలుగుసార్లకు చేరాలి. చెంచా వంచితే జారిపోయే జావ కడుపు నింపుతుంది గానీ బలమివ్వదు. చెంచాకు నిలిచేంత మెత్తటి పప్పన్నం, చెంచా నెయ్యి లేదా నూనె, ఉడికిన ఆకుకూర, గుడ్డు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి బిడ్డ పేరున వచ్చింది, ఇంటిల్లిపాదికీ లడ్డూలు చుట్టడానికి కాదు. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం కలిపితే ఉప్పు ఎక్కువై హాని. దాంతోపాటు జింకు మాత్ర, విరేచనాలు తగ్గినా 14 రోజులు.

మేం అడిగేది పెద్ద పథకం కాదు. డిశ్చార్జి కాగితం మీద ‘సలహాలు ఇవ్వబడినవి’ అన్న ముద్ర తీసేసి, ఆ చోట ఐదు గళ్లు పెట్టండి: రొమ్ము పట్టించింది, పాలు పిండింది, ఉగ్గుగిన్నెతో తాగించింది, పొట్ట-పాదాలు తాకి చెప్పింది, నిమిషం ఊపిరి లెక్కపెట్టింది. తల్లి, పెద్దావిడ చేసి చూపించాకే సిస్టరు సంతకం. కాన్పు గదుల్లో డ్యూటీ మారే వేళ బొమ్మ మీద నాలుగు నిమిషాలు, దానికో చిన్న రిజిస్టరు. బొమ్మ రబ్బరు చిరిగితే కొత్తది కొనండి, ఎవరి జీతంలోనూ కోయకండి. వచ్చే నవంబరు వారోత్సవాల ఫొటోకు బ్యానరు బదులు ఆ చిరిగిన బొమ్మను పట్టుకుని నిలబడితే మీ పత్రిక తప్పకుండా వేయాలని మనవి.

ఇట్లు,
నవజాత శిశు సంరక్షణ బోధించే కొందరు నర్సింగ్ ట్యూటర్లు, పిల్లల వైద్యులు